పిడుగు పడిన గుండు

జూన్ నెల, శుక్రవారం. మిరుగు, అదే మృగశిర కార్తె, ఇంకా రాలేదు. పొద్దున్నుంచి మబ్బు, గాలి లేదు, ఒకటే ఉక్క. డ్రిల్లు గొట్టంలో పట్టిన రాతి బురద కడిగి ఆరబెట్టాను.

అక్క శాంతమ్మకు నీ తమ్ముడు యోహాను వందనాలు. దేవుని దయవల్ల నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. బావ మోకాలికి మళ్లీ దవాఖానలో చూపించారా? ఫోనులో నాకు మాటలు రావని నీకు తెలుసు. పైగా ఈ గుట్టల కింద సిగ్నల్ దొరకదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. రేపు మా జీపు డ్రైవరు జహంగీర్ అచ్చంపేట పోతున్నాడు, పోస్టులో వేస్తానన్నాడు.

రాళ్లకు బొక్కలు వేయడం కూడా ఒక పనేనా అని అడిగావు. పనే అక్కా. ఇక్కడ మామూలు రాతిని చీల్చుకుని నల్లరాయి గోడలా లేచి ఉంటుంది, కొన్నిచోట్ల మైళ్ల దూరం. దానిలోంచి నేను వేలంత లావు ముక్కలు తీస్తాను. తీసే ముందు ఆ ముక్క ఏ దిక్కుకు ఉందో దిక్సూచి పెట్టి మేడమ్ గీత గీస్తుంది, రాళ్ల మీద పరిశోధన ఆమెదే. కరిగిన రాయి చల్లారేటప్పుడు అందులోని ఇనుప రేణువులు అప్పటి అయస్కాంత బలం ఎటు లాగితే అటు తిరిగి గట్టిపడ్డాయట. ఇప్పటికీ అటే చూస్తున్నాయట. ఆ దిక్కు మాత్రం ఇప్పటిది కాదు. అంగారక గ్రహం మీదనైతే ఆ బలం ఎప్పుడో చచ్చిపోయిందట, రాళ్లలో మాత్రం మిగిలి ఉందట. మేడమ్ ఇచ్చిన పుస్తకం రోజూ కొంచెం కొంచెం చదువుతున్నాను. చదివిన దగ్గర నుంచి సాయంత్రాలు ఆ గుట్టకు వీపు పెట్టి కూర్చోలేకపోతున్నాను. రాళ్లన్నీ నా వెనకాల ఉన్న దేన్నో చూస్తున్నట్టు ఉంటుంది.

భయపడుతున్నానని అనుకోకు. తిండికి లోటు లేదు. నేనే వండుతాను. ఇక్కడి ఇప్పపువ్వు వాసనకు మొదట్లో తల తిరిగేది, ఇప్పుడు అలవాటైంది. ఎవరైనా ఇటు వస్తే కొంచెం మామిడి తొక్కు పంపు.

పనిలోకి దిగే ముందు ఇనుప వస్తువులన్నీ గుట్ట కింద వదలాలి. దగ్గర్లో ఇనుముంటే దిక్సూచి ముల్లు తప్పు చూపిస్తుంది. జహంగీర్ రోజూ గొణుగుతాడు. "బెల్టు తీపిచ్చిన్రు, తాళాలు తీపిచ్చిన్రు. ఇగ నా లాగు జారితే గప్పుడు ఏ దిక్కు సూపెడ్తదో మీ ముల్లు!" మేడమ్ కూడా నవ్వుతుంది.

అక్కా, ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. నీకు రాస్తున్నాను.

పోయిన వారం గుట్ట నెత్తిన ఒక రాయి మీద దిక్సూచి పెట్టగానే ముల్లు మెల్లగా తిరిగి దక్షిణం వైపు పోయి నిలబడింది. ఒక్క అడుగు జరిపితే మళ్లీ మామూలే. అది పిడుగు పడిన రాయని మేడమ్ చెప్పింది. పిడుగు రాతిలోని పాత గుర్తును చెరిపేసి తన గుర్తు పెట్టుకుంటుందట. అలాంటి రాయి మేడమ్‌కు పనికిరాదు.

ఈ మాట పక్కన మేకలు మేపుతున్న మల్లయ్య తాత విన్నాడు. కింది గూడెం ఆయనది. నిరుడు తొలి వానకు ఆయన భార్య బాలమ్మ ఈ గుట్ట మీదే పిడుగుపాటుకు పోయింది.

"మేడం, పిడుగు వడ్డ జాగ గీ ముల్లుకు ఎర్కైతదా?" అని అడిగాడు.

"పడిందో లేదో చెప్తది పెద్దాయనా. ఎప్పుడు పడిందో చెప్పదు. మీ తాత పుట్టకముందు పడినా ఇట్లనే తిరుగుతది. దీన్ని నమ్ముకుని ఏమీ అనుకోవద్దు" అంది మేడమ్.

తాత తల ఊపాడు. కానీ బుధవారం మేడమ్ గదిలో రాళ్లు సర్దుతుంటే నా దగ్గరికి వచ్చాడు.

"కొడుకా, ఆమె మ్యాకలెనక గుట్ట నెత్తి మీద ఉండె. మబ్బు వట్టింది. గుండు కిందికి వో, గుండు కిందికి వో అని నేనే ఒర్లిన. ఆడనే దొరికింది. నువ్వు పొమ్మన్న కాడనే సచ్చింది, నువ్వే సంపినవని ఆమె అన్నదమ్ములు నా గడప తొక్కుతలేరు. కాదు, మీద తాకింది, తాకి దొర్లి కిందికచ్చిందని నేనంటున్న. గది ఒక్కటి సూసి చెప్పు."

ఆయన ముఖం చూసి కాదనలేకపోయాను, దిక్సూచి తీసుకుని ఆయనతో గుట్ట ఎక్కాను. ఆ రోజు కూడా ఇవాళ్టిలాగే మబ్బు. ఆకు కదలడం లేదు. మేకలు కూడా అరవడం లేదు.

నెత్తిన ఉన్న రాయి దగ్గర ముల్లు దక్షిణానికి తిరిగింది. తాత దూరం నుంచే వంగి చూసి, "గదే! మీదనే!" అన్నాడు. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. అక్కడితో దిగిపోతే బాగుండేది. ఆయనే, "గుండు కాడ గూడ పెట్టు. గాడ తిరగదని నా కండ్లతోని సూస్త" అన్నాడు.

గుండు అంటే ఇల్లంత నల్లరాయి. కింద ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత చోటు ఉంది. దానికి ఆనించి దిక్సూచి పట్టుకున్నాను. తాత వచ్చి నా పక్కన వంగాడు. ముల్లు కదిలి ఆయన వైపు తిరిగి ఆగింది. ఆయన బెదిరి ఇటు పక్కకు వచ్చాడు. ముల్లు కూడా ఇటే వచ్చింది. ఆయన నా వెనక నుంచి అటు పోయాడు. ముల్లు ఆయన వెంటే పోయింది. నా కళ్లతో చూశాను అక్కా. అబద్ధం కాదు.

"నన్నే సూపెడ్తాంది కొడుకా" అన్నాడు.

అప్పుడు నాకు ఆయన భుజం మీది గొడ్డలి కనబడింది. కొమ్మలు కొట్టే గొడ్డలి. ఇక్కడి మేకలోళ్లకు అది చేయి లాంటిది, మోస్తున్నామన్న ధ్యాసే ఉండదు. రోజూ చూసే వస్తువు కాబట్టి నాకూ తట్టలేదు. "తాతా, గొడ్డలి! ఇనుము! గందుకే నీ ఎంబడి తిరుగుతాంది. పోయి గా చెట్టు కాడ పెట్టి రా" అన్నాను. ఇద్దరం పిచ్చోళ్లలా నవ్వాం. ఆయన గొడ్డలి పెట్టడానికి చెట్టు దాకా పోయాడు.

ఆయన దూరమయ్యాక ముల్లు ఉత్తరానికి వస్తుందని చూశాను. రాలేదు. మెల్లగా తిరిగి, గుండు కింద ఆ ముడుచుకునే చోటు వైపు పోయి ఆగిపోయింది. రెండుసార్లు తీసి పెట్టాను. రెండుసార్లూ అటే.

తాత తిరిగి వచ్చేసరికి దిక్సూచి పెట్టె మూత వేసేశాను. "గొడ్డలి వల్లనే తాతా. ఇప్పుడు సక్కగనే ఉంది" అన్నాను. ఆయన నా ముఖం చూశాడు, మూసిన పెట్టెను చూశాడు. చెట్టు దగ్గరి గొడ్డలి తీసుకుని గుట్ట దిగిపోయాడు.

నేను చేసింది మంచో చెడో నువ్వే చెప్పు. ఫికర్ చేయకు, నాకేమీ కాలేదు. నిద్ర సరిగా పట్టడం లేదు, అంతే. వానలు పట్టాక పని ఆగుతుంది, అప్పుడు వస్తాను. పెద్దమ్మకు, పాస్టరు గారికి నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో నన్ను, బాలమ్మ ఇంటివాళ్లను తలుచుకో. నీ ఆశీర్వాదం కోరుతూ, నీ తమ్ముడు యోహాను.

కాగితం మడుస్తుండగా మల్లయ్య తాత వచ్చాడు, మళ్లీ విప్పి రాస్తున్నాను. వాకిట్లోనే నిలబడ్డాడు. భుజం మీద గొడ్డలి లేదు. మొలతాడుకు ఉండే తాళంచెవి లేదు. చెప్పులకు మేకులుంటాయని చెప్పులు కూడా లేకుండా గూడెం నుంచి వచ్చాడు.

"చెట్టు కాడికెల్లి నిన్ను సూసిన. రెండుసార్లు తీసి పెట్టినవ్. నేనచ్చేసరికి మూసినవ్. ఇప్పుడు నా వంటి మీద ఇనుము లేదు కొడుకా. నడువు, నా ముంగట తెర్వు."

కూర్చో తాతా అంటే కూర్చోలేదు. ముల్లు అక్కడ కూడా తిరిగిందని చెప్పాలి. అది ఎప్పటి పిడుగో ముల్లుకు తెలియదని కూడా చెప్పాలి. రెండూ నిజమే. మొదటిది విన్నాక రెండోది ఆయన చెవికి ఎక్కుతుందో లేదో. గుట్ట మీద మబ్బు ఇంకా దిగింది. తాత నా చేతినే చూస్తున్నాడు. పోతాను అక్కా. పొయ్యి మీద అన్నం ఉడికింది, గంజి వార్చి దిక్సూచి తీసుకుని ఆయన వెంట గుట్ట ఎక్కుతాను.