మూడో రొట్టె

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. మతిమరుపులో మీ అమ్మకు ఆ సంగతే గుర్తుండేది కాదు. రోజూ సాయంత్రం నీకని ఒక జొన్నరొట్టె తీసిపెట్టేది.

"ఆదోనికి పత్తి లోడేసుకొని పోయినాడత్తా, వస్తాడు" అనేదాన్ని. పొద్దున్నే ఆ రొట్టె నేనే తినేదాన్ని.

పోయిన నెల ఎమ్మిగనూరు డాక్టరు జ్ఞాపకశక్తికి మాత్రలు రాశాడు. అవి మెదడు మీద పనిచేస్తాయట. జబ్బు పోదుగానీ కొన్నాళ్లు మనిషి తేటగా ఉంటుందట. నిన్న ఆమె నన్ను పేరు పెట్టి పిలిస్తే సంబరపడ్డాను.

ఈ సాయంత్రం రెండు రొట్టెలే తట్టి చేతులు కడుక్కుంది. మూడోది గుర్తుచేశాను.

"వాడు ఇంగ యాడ వస్తాడమ్మే" అంది, పొయ్యి ఆర్పుతూ.

మాత్ర పనిచేసింది. ఇక "వస్తాడు" అని చెప్పుకోవడానికి నాకు ఇంట్లో ఎవరూ లేరు.