టిల్డా అరికాలు

మార్చి 4

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. పదిహేనేళ్ళ దాకా మా పల్లె బడిలో చదివాను. అందులో సగం రోజులు గొర్రెలు ఈనే కాలమని బడి ఎగ్గొట్టి కొట్టంలోనే ఉన్నాను. ఇది ఎవరూ చదవరు. అయినా మన్నించమని ముందు రాయాలనిపించింది.

మా హాథార్న్ హౌస్‌ను కౌన్సిల్ ఒక కంపెనీకి అప్పగిస్తోంది. ఏప్రిల్ ఒకటి నుంచి. నడవలేని పిల్లలు, మాట రాని పిల్లలు వారానికి మూడు రోజులు అక్కడికి వచ్చి సాయంత్రం దాకా ఉంటారు. వాళ్ళ అమ్మలకు ఊపిరి తిరిగేది ఆ మూడు రోజులే. పిల్లల బస్సులో తోడు వెళ్ళే మనిషిని నేను. పదమూడేళ్ళయింది.

మేనేజరు మిసెస్ హెస్కెత్ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. కంపెనీ మంచిదేనట. మార్పు జరిగినట్టే పిల్లలకు తెలియదట. డ్రైవర్ డగ్గీ లేచి, తెలియకపోవడానికి వాళ్ళేమన్నా బంగాళాదుంప బస్తాలా తల్లీ, ఈ బండిలోంచి ఆ బండిలోకి విసిరెయ్యడానికి అన్నాడు. అందరూ నవ్వారు. డగ్గీని కంపెనీ ఉంచుకుంటుంది. నాకు డెబ్బై రెండు. నన్ను ఉంచుకోదు.

టిల్డాను ఎవరు చూస్తారని అడుగుదామనుకున్నాను. నోరు లేవలేదు.

మార్చి 5

టిల్డాకు తొమ్మిదేళ్ళు. చూపు మసక. మాట లేదు. కాళ్ళు బిగుసుకుని ఉంటాయి. బూట్లు తొడిగితే తన్నేస్తుంది, ఉన్ని మేజోళ్ళే. బస్సులో ఆమె చక్రాల కుర్చీ పక్క సీటు ఆరేళ్ళుగా నాది. నా గొంతు వింటే తల తిప్పుతుంది. నా గొంతు విని తల తిప్పినవాళ్ళు నా జన్మలో తక్కువ. రెండు గొర్రెల కుక్కలు, ఈ పాప.

వాళ్ళ ఊరికి కొండ మీదుగా పోవాలి. కొండ నెత్తిన రోడ్డుకు అడ్డంగా ఒక గొయ్యి తవ్వి, దాని మీద ఇనుప కమ్మీలు పరిచారు. గొర్రెలు దాటి పోకుండా. బస్సు ఎక్కితే గడగడమని కింద నుంచి ఎముకల దాకా కొడుతుంది. మొదటి ఏడాది టిల్డా ఆ కుదుపుకి కొయ్యబారిపోయేది. కాసేపటికి కేకలు మొదలయ్యేవి, ఇల్లు చేరేదాకా ఆగేవి కావు. ఒకరోజు నాకేదో తోచి, కమ్మీలకు కాస్త ముందున్న విరిగిన గోడ దగ్గరికి రాగానే వంగి, పాపా కమ్మీలొస్తున్నాయి అని చెప్పి, అరచేత్తో ఆమె అరికాలు గట్టిగా ఒత్తి పట్టుకున్నాను. దాటేదాకా వదల్లేదు. ఆ రోజు ఏడవలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఏడవలేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. డగ్గీ చూపు రోడ్డు మీదే. టిల్డా వాళ్ళమ్మ లోర్నాకు కారు లేదు, పిల్లతో ఆ దారిన ఎప్పుడూ రాలేదు.

మార్చి 11

కంపెనీ మనిషి పని నేర్చుకోవడానికి వచ్చింది. పేరు నొమ్సా. జింబాబ్వే నుంచి వచ్చి పద్నాలుగేళ్ళయిందట. నలభై దాటి ఉంటుంది. పెద్ద మనిషి, పెద్ద నవ్వు. రాగానే నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, తాతగారూ, మీకు తెలిసిందంతా నాకిచ్చెయ్యండి, ఏదీ మిగుల్చుకోవద్దు అంది. నేను ఎవరికీ తాతను కాను. ఆ మాట అనలేదు.

బస్సులో పాట ఎత్తుకుంది. వాళ్ళ భాషలో. టిల్డా తల తిప్పింది.

నా వైపు కాదు.

మార్చి 13

ఈ రోజు టిల్డా నవ్వింది. పైకి వినపడేటట్టు. ఆ నవ్వు కోసం నేను రెండేళ్ళు కాచుకున్నాను. నొమ్సాకు మూడు రోజులు పట్టింది.

డగ్గీ వెనక్కి తిరిగి, ఏం క్లెమ్, నీ చిన్నదాన్ని ఎగరేసుకుపోయింది చూడు అన్నాడు. నేను కిటికీ తుడిచాను.

కమ్మీల దగ్గర నొమ్సా ముందు సీట్లో వేరే పిల్లాడి ముక్కు తుడుస్తోంది. నేను దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి అరికాలు పట్టుకున్నాను. పాపా కమ్మీలు అన్న మాట పెదాలతోనే అన్నాను. నొమ్సాకు వినపడకూడదని.

మార్చి 20

ప్రతి పిల్లకూ ఒక పుస్తకం ఉంటుంది. కొత్తగా వచ్చేవాళ్ళు చదువుకోవడానికి. నాకు ఇది ఇష్టం, నాకు దీనికి భయం అని, పిల్లే చెప్పుకుంటున్నట్టు రాయాలి. టిల్డా బస్సు పేజీ నన్ను రాయమంది మిసెస్ హెస్కెత్. నీకంటే ఎవరికి తెలుసు క్లెమ్, తీరిగ్గా కూర్చుని రాయి అంది. బిస్కెట్లు కూడా పెట్టింది.

రాశాను. నాకు ఎడమ వైపు నుంచి మాట్లాడండి. నా మెడకు మఫ్లర్ చుట్టండి, ముడి వెయ్యకండి. ఎండ మొహాన పడితే కుర్చీ తిప్పండి.

కమ్మీల సంగతి రాయలేదు.

మరిచిపోలేదు. పెన్ను పట్టుకుని ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశాను. నొమ్సా పాట ఉందిగా, పాటతో పట్టుకోనీ అనుకున్నాను. తెలియకపోతే నా దగ్గరికే వచ్చి అడుగుతారు అని కూడా అనుకున్నాను.

మార్చి 31

కేకు కోశారు. కార్డు మీద అందరూ సంతకాలు పెట్టారు. టిల్డా బొటనవేలికి రంగు పూసి ముద్ర వేయించింది నొమ్సా. దానికీ కోపం వచ్చింది నాకు. ఆ వేలు ఆమె పట్టుకుందని.

ఏప్రిల్ 1, పొద్దున 8:10

బస్సు వెళ్ళింది. కర్టెన్ వెనక నుంచి చూశాను.

ఏప్రిల్ 8

లోర్నా కొట్టు దగ్గర కనపడింది. కళ్ళు లోపలికి పోయాయి. టిల్డా బస్సులో రోజూ కేకలట. నిన్న మూర్ఛ కూడా వచ్చిందట. కొండ దిగేటప్పుడు మొదలవుతుందట, ఎందుకో ఎవరికీ అంతుపట్టడం లేదట. నేను అయ్యో అన్నాను. పాల సీసా పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇది రాయకూడదు. విన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. లోపల ఎవరో దీపం వెలిగించినట్టు అయింది. పాప నొమ్సాది కాదు అనుకున్నాను.

తర్వాత పాలు తాగలేకపోయాను.

ఏప్రిల్ 15

లోర్నా మా ఇంటికి వచ్చింది. కోటు తియ్యలేదు. కంపెనీ కాగితం రాసిందట. టిల్డాను బస్సులో తీసుకెళ్ళడం ప్రమాదమట, ఈ నెల దాటితే ఇక కుదరదట. రెండున్నర గంటల దూరంలో వాళ్ళదే ఒక పెద్ద ఇల్లు ఉంది, అక్కడే ఉంచుదామంటున్నారట. ఇరవై నాలుగున కౌన్సిల్‌వాళ్ళు సభ పెట్టి తేలుస్తారట. నా బిడ్డను నెలకోసారి చూడాలా క్లెమ్, దానికి నా వాసన గుర్తుంటుందా అంది. నొమ్సా కూడా ఏడుస్తోందట. ముంజేతి నిండా టిల్డా పంటి గాట్లేనట. అయినా సీటు మారదట.

నీ దగ్గర ఏడ్చేదా అని అడిగింది.

లేదన్నాను.

ఎందుకు ఏడ్చేది కాదు అంది.

తెలియదన్నాను. డెబ్బై రెండేళ్ళవాణ్ణి. ఆమె మొహంలోకి చూస్తూ తెలియదన్నాను.

ఏప్రిల్ 16

సాయంత్రం కొండ ఎక్కాను. విరిగిన గోడ దగ్గర నిలబడ్డాను. గాలి పొడిచేస్తోంది. బస్సు కనపడగానే రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యి ఎత్తాను. డగ్గీ తల బయట పెట్టి, చావాలనుంటే వేరే బస్సు చూసుకో ముసలోడా అని అరిచాడు. తర్వాత నా మొహం చూసి తలుపు తీశాడు.

లోపల నొమ్సా టిల్డా రెండు చేతులూ పట్టుకుని పాడుతోంది. గొంతు పోయింది, గాలి మాత్రమే వస్తోంది. అయినా పాడుతోంది.

నేను చెప్పాను. వరస తప్పి చెప్పాను. కమ్మీలు, అరికాలు, దుప్పటి. నొమ్సా పాట ఆపింది. దుప్పటి కింద ఎందుకు తాతగారూ అని అడిగింది. నేను బూట్ల వైపు చూశాను. ఆమె టిల్డా కాళ్ళ మీది దుప్పటి పక్కకి తీసింది. తర్వాత, చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపించండి అంది. తాతగారూ అనలేదు.

చూపించాను. మడమ కాదు, వేళ్ళ కింద మెత్తటి చోట. గట్టిగా. ఆమె చెయ్యి నా చెయ్యి కంటే వెచ్చన. పాపా, కమ్మీలొస్తున్నాయి అంది. నేను లేచి వెనక్కి వెళ్ళి కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

బస్సు గడగడలాడింది.

టిల్డా ఏడవలేదు. ఊరు చేరేదాకా ఏడవలేదు. ఎడమ పక్కకి, నొమ్సా ఉన్న వైపు, తల తిప్పి ఉంచింది. నా గొంతు అంతసేపు విన్నది కదా, ఒక్కసారైనా ఇటు తిప్పుతుందేమోనని చూశాను. తిప్పలేదు.

నడిచి వచ్చాను. ఆరు మైళ్ళు.

ఏప్రిల్ 17

మిసెస్ హెస్కెత్ దగ్గరికి వెళ్ళాను. ఆమె ఇంకా కౌన్సిల్లోనే ఉంది. ఒక్క రోజు ఏడవకపోతే సభవాళ్ళు నమ్మరట. కంపెనీ కాగితంలో ఏడు రోజుల కేకలున్నాయట. నిజంగా ఇంత చిన్న కిటుకే ఉంటే క్లెమ్ పేజీలో ఎందుకు లేదు అని మొట్టమొదట అదే అడుగుతారట. నా వైపు చూసి, ఎందుకు లేదు క్లెమ్ అంది.

నోరు లేవలేదు. సభలో కూడా లేవదు. నాకు తెలుసు.

ఏప్రిల్ 18

సభలోని అమ్మలకు, అయ్యలకు.

ఎవరూ చదవరని రాసుకున్న పేజీలు ఇవి. నోటుపుస్తకం కుట్టు విప్పి అన్నీ కవరులో పెట్టాను. ఎనిమిదో తేదీది కూడా తియ్యలేదు. పాప తప్పు ఏమీ లేదు. తెలిసీ దాచింది నేను. నొమ్సా నాకంటే బాగా పట్టుకుంటుంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి పొద్దున్నించి కూర్చున్నాను.

ఫోన్ చెయ్యకండి, నేను మాట్లాడలేను. పాప ఇక్కడే ఉంటుందో లేదో ఒక్క ముక్క రాయండి. త్వరగా రాయండి.

క్లెమెంట్ ఆల్డర్‌సన్