కప్పల బజారు బొగ్గులు

నరసరావుపేట, ఆగస్టు 6

ప్రియమైన షాహిద్‌కు,

ఫోనులో నీ మాట నాకు సరిగా వినపడదు, అందుకే రాస్తున్నా. నాలుగో తరగతి అక్షరాలు, నవ్వబాక. దాచేపల్లిలో కూతురింట్లో బాగున్నావా? ఇక్కడ వాన తగ్గింది. మీ ఇంట్లో మోకాలెత్తు బురద ఇంకా ఉంది. మా పార్వతమ్మ తాళం తీయించి నీ కుట్టుమిషను మంచం మీదికి ఎక్కించింది. పల్లంలో ఇల్లు కట్టొద్దని ఆనాడే నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. ఒళ్ళు జాగ్రత్త.

నీ సుబ్బయ్య


దాచేపల్లి, ఆగస్టు 14

ప్రియమైన సుబ్బయ్యా,

మిషను కాపాడినందుకు పార్వతమ్మ వదినకు సలాం. సంగతి విను. నా ఇల్లు వాగు పోరంబోకులో ఉందట. నెలలో ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. మూడేళ్ళుగా నీళ్ళొస్తుంటే నా ఖర్మ అనుకున్నా. ఇప్పుడు తప్పే నాదంటున్నారు.

ఆఫీసుకు పోతే, సర్వే చేసే అక్షయ అనే అమ్మాయి మాత్రం పాత పటం ఒకటి తెచ్చి బల్ల మీద పరిచింది. దాంట్లో వాగు నా ఇంటి వైపే లేదు. పడమరగా మీ వీధి మీదుగా పోతోంది. పక్కన కప్పలవాగు, కప్పల బజారు అని రాసుంది. "కప్పల బజారు ఎక్కడ తాతా?" అని అడిగింది. మీ వీధేనని చెప్పా. నువ్వు వార్డు మెంబరువైనప్పుడు దాన్ని మీ నాన్న పేరున అంకయ్య వీధి చేశావు గదా. నేను మన ఊరొచ్చేసరికి అక్కడ చుక్క నీరు లేదు. కప్పల్లేని చోటికి ఆ పేరేందని నవ్వుకునేవాణ్ణి.

పటం ఒకటి చెబుతోంది, నేల మీద హద్దురాళ్ళు ఇంకొకటి చెబుతున్నాయి. వాగును చూసిన పెద్దవాళ్ళు వచ్చి చెప్పాలంట. చూసినవాళ్ళలో మిగిలింది నువ్వొక్కడివే. సర్వేలో గొలుసు లాగినవాడివి. నువ్వుండగా నాకేం భయం? ఇరవై ఆరున ఆఫీసుకు రా.

నీ షాహిద్


నరసరావుపేట, ఆగస్టు 20

షాహిద్‌కు,

ఉత్తరం అందింది. మోకాళ్ళ నొప్పులు, రాలేను. ఆ పటాలు దొరల కాలంవి, చెదలు తిన్నవి. పాతిన రాయే సాక్ష్యం. వీధి పేరు జోలికి పోబాక. అది మా నాన్న పేరు. వేరే చోట స్థలం ఇస్తే తీసుకో.

సుబ్బయ్య


దాచేపల్లి, ఆగస్టు 28

ప్రియమైన సుబ్బయ్యా,

నువ్వు రాలేదని ఏమీ అనుకోలేదు. మోకాళ్ళకు నువ్వుల నూనె పంపుతున్నా, గోరువెచ్చగా రాసుకో.

ఆ అమ్మాయి నా ఇంటి మూలనున్న రాయి పీకించింది. కింద మట్టే ఉంది. "పాతరోజుల్లో హద్దురాయి కింద బొగ్గులు పోసేవాళ్ళట తాతా" అంది. నాకు తెలుసని అనలేదు. నా కొట్టు అరుగు మీద కూర్చుని అది చెప్పింది నువ్వే గదా. రాయిని దొంగ జరపగలడు, బొగ్గుల సంగతి వాడికేం తెలుసని నవ్వావు.

విచారణ సోమవారానికి వాయిదా పడింది. నిన్నేమీ అడగను. మిషను తుడిపించు, తుప్పు పడుతుంది.

నీ షాహిద్


నరసరావుపేట, ఆగస్టు 31

ప్రియమైన షాహిద్‌కు,

మిషను నేనే తుడిచా. తర్వాత మా వంటింట్లో పొయ్యి పక్క బండ లేపించా. "ఏందయ్యా, బుద్ధి గడ్డి తిన్నదా?" అంది పార్వతమ్మ. మూరెడు లోతులో బొగ్గులున్నాయి, వాగు పాత హద్దురాయి కిందవి. ఆ రాయి పీకి నలభై అయిదేళ్ళయినా నిన్న పోసినట్టే ఉన్నాయి.

వాగు ఇప్పుడు మా ఇల్లున్న చేలోగుండా పోయేది. ఒక ఎండాకాలం నేనూ మా నాన్నా దాన్ని పూడ్చి, తూర్పున కాలవ తీసి, రాళ్ళు అటు పాతాం. అటంతా కంప, ఎవరికీ నష్టం లేదనుకున్నాం. రెండేళ్ళకు నువ్వు అక్కడే స్థలం కొన్నావు. రాళ్ళు కంపలో కనపడలేదు నీకు. పునాదికి మొదటి రాయి నా చేత్తో వేయించావు. వేశా. నోరు తెరవలేదు.

కప్పల బజారు అని ఎవరన్నా అంటే వాగు సంగతి బయటపడుతుందని భయమేసేది. అందుకే పేరు మార్పించా. నాన్న మీద ప్రేమతో కాదు.

రాళ్ళు జరిపాంగానీ బొగ్గులు జరపాలని తోచలేదు. పది మందికి చెప్పినవాణ్ణి, నేనే మర్చిపోయా.

సోమవారం వస్తున్నా. వంటిల్లు పోతే పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలంది పార్వతమ్మ. మూడేళ్ళుగా షాహిద్ ఎక్కడ పెట్టుకున్నాడే అన్నా. లేపిన బండ గోడకు ఆనించింది. తర్వాత "ముందు ఆ ఉత్తరం రాసి పోస్టులో వెయ్" అంది.

సంతకం నాకు వచ్చు. అయినా కింద వేలిముద్ర వేశా. సిరా కాదు, ఆ బొగ్గే. సోమవారానికి నేను బతికి లేకపోతే ఆఫీసులో ఇది చూపించు.

సుబ్బయ్య