అక్క ఎక్కడ అందుకుంది

మార్చి 3

రోజంతా వయొలిన్లు. నా పని గీతలు పెట్టడం. రికార్డింగ్‌లో ప్రతి స్వరం ఎక్కడ మొదలైందో స్క్రీన్ మీద అక్కడ ఒక గీత. ఆ గీతలు చూసి స్వరం మొదలును పసిగట్టడం ప్రోగ్రాం నేర్చుకుంటుంది. ఆఫీసులో నన్ను గీతలమ్మ అంటారు. మా ప్రోగ్రాం గిటార్ దగ్గర పులి, వయొలిన్ దగ్గర పిల్లి. తీగ మీటితే స్వరం టక్కున పుడుతుంది. విల్లు లాగితే మెల్లగా ఊరుతుంది. బాగా ఊరాక గానీ దానికి వినపడదు.

మార్చి 5, సాయంత్రం

అక్క వచ్చింది, భుజాన చెల్లోతో, అదే, ఆ నిలువెత్తు వయొలిన్‌తో. నువ్వు ఆలస్యంగా అందుకుంటున్నావని ఆర్కెస్ట్రా కండక్టర్ అందరి ముందూ అన్నాడట. నెలాఖరు కచేరీలోనూ అంతే అయితే కుర్చీ ఇంకొకరికేనట. పెళ్ళికి ముందు నుంచీ ఆ కుర్చీ తనదే. నీ మిషన్‌తో తేల్చవే, నిజంగా ఆలస్యమో కాదో అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అన్నాను. నవ్వలేదు. రిహార్సల్‌లో తన చెల్లోకీ పక్కాయన చెల్లోకీ తగిలించమని రెండు చిన్న మైకులు ఇచ్చాను.

మార్చి 9

ప్రోగ్రాం అక్క ఆలస్యమంది. పక్కాయనా ఆలస్యమేనంది. దాని మొహం.

మార్చి 10

చేత్తోనే గీతలు పెట్టాను, విల్లు తీగను తాకి గరగరమనే చోట. పక్కాయన సరిగ్గానే ఉన్నాడు. అక్కే సరిగ్గా లేదు.

కానీ ఒక తిరకాసు. డ్రమ్ము తర్వాత అందుకునే చోట్ల అక్క కూడా సరిగ్గా ఉంది. వయొలిన్లు సన్నగా మొదలుపెట్టే చోట్లే వెనకబడింది. ప్రతిసారీ. చేతిలో లోపమైతే రెండు చోట్లా ఉండాలి కదా.

చెయ్యి కాదు. చెవి.

ఈమధ్య వాళ్ళింట్లో అక్క పెట్టే టీవీ వీధి చివరికి వినపడుతోంది. బావ విసుక్కుంటే నేను బావనే తప్పుపట్టాను.

మార్చి 12

అక్కకు ఇంకా చెప్పలేదు.

మార్చి 14

చల్లకొచ్చి ముంత దాచడమెందుకని వెళ్ళి చెప్పేశాను. అక్క విల్లుకు పట్టు రావడానికి రోజిన్ ముద్ద రుద్దుతూ కూర్చుంది. ఏడాదిగా తెలుసట. డాక్టర్ దగ్గరికీ వెళ్ళిందట. చెవి మిషన్ పెట్టుకుంటే చెల్లో రేకుడబ్బాలో మోగినట్టుందట. పైకి తెలిసిపోతోందా అన్నదొక్కటే నాతో తేల్చుకోవాలనుకుందట. నాకు ఒళ్ళు మండింది. నాక్కూడా చెప్పవా అని అరిచాను. అరవకే, నువ్వు బాగానే వినపడతావు అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత ఏడ్చాం.

వచ్చేముందు ఒకటి చెప్పాను. వయొలిన్ల కోసం చెవులు రిక్కించకు, వాళ్ళలో ముందు కూర్చునే ఆమె మోచేయి చూడు. స్వరం వినపడేలోపే చెయ్యి కదులుతుంది.

మార్చి 28

కచేరీ. అక్క అంతా కంఠతా పట్టింది. కాగితం వంక ఒక్కసారీ చూడలేదు, చూపంతా ఆ మోచేయి మీదే. కండక్టర్ ఏమీ అనలేదట.

మార్చి 29

హాలు రికార్డింగ్ వచ్చింది. వయొలిన్లు సన్నగా మొదలయ్యే చోటు మళ్ళీ మళ్ళీ విన్నాను. అందరిలో అక్క ఎక్కడ అందుకుందో దొరకలేదు. అంతగా కలిసిపోయింది, గీత పెట్టలేకపోయాను.

చెబుదామని ఫోన్ చేశాను. ఎత్తలేదు, రింగు వినపడలేదేమో. మెసేజ్ పెట్టాను.