కెనెవేని తూకానికి ఎవరు తీసుకెళ్తారు

లెసోతో కొండల్లో హా సెఫాకో ఊరి నివాసి మలెబోనా మొఖెతీ అనే నేను నా తదనంతరం అమలు జరగవలసిన ఏర్పాట్లను ఇందులో రాస్తున్నాను. మలెబోనా అంటే లెబోనా తల్లి. కొడుకూ కోడలూ పోయారు, పేరు మాత్రం నన్ను వదల్లేదు. క్షయ నా ఊపిరితిత్తుల్ని తినేసింది గానీ బుద్ధి జోలికి రాలేదు. మతిచెడి రాసిందని మా మరిది సెఖోబే అంటాడు. అతను ఏదో ఒకటి అనకముందే, ఈ ఊళ్ళో ఎవరూ పైకి అనని మాట నేనే రాసేస్తున్నాను. నాకు హెచ్.ఐ.వి. ఉంది. నన్ను పాతిపెట్టిన మర్నాడు ఊరిపెద్ద ఈ కాగితాన్ని బంధువులందరి ముందూ గట్టిగా చదవాలి.

1. నా చావుకు ఎద్దును కోయకూడదు. మేక చాలు. ఆ ఎద్దునూ నాగలినీ సెఖోబేకు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఇందుకు బదులుగా అతను చేయవలసింది, చివరి నిబంధన చదివేదాకా లేచి వెళ్ళిపోకుండా కూర్చోవడం.

2. నా గుర్రం మా మందుల జట్టులో మిగిలే ఐదుగురికీ ఉమ్మడిగా చెందుతుంది. దాన్ని అమ్మకూడదు, పెళ్ళిళ్ళకు అరువివ్వకూడదు. మేం ఆరుగురం వంతులేసుకుని, నెలకొకరం నది దాటి ఆసుపత్రికి వెళ్ళి అందరి మాత్రలూ తెచ్చుకుంటున్నాం. మందుల జీపు రావడం మానేసినప్పటి నుంచి ఈ గుర్రమే మా జీపు. ఐదుగురి పేర్లూ రాయమని ఊరిపెద్ద గుమస్తా పట్టుబట్టాడు. "పేర్లు లేకుండా ఎవరికిస్తావమ్మా, దయ్యాలకా?" అన్నాడు. పేర్లు రాస్తే రేపటి నుంచి వాళ్ళను ఊరు అలాగే చూస్తుంది నాయనా అన్నాను. రాయలేదు.

3. అటకమీది సంచిలో దువ్వి పెట్టిన మేక ఉన్ని కూడా ఆ ఐదుగురిదే. గుర్రం నడుస్తుంటే సీసాల్లో మాత్రలు గలగలమంటాయి. ఆ చప్పుడు ఏమిటో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే సీసాల్లో ఉన్ని కుక్కుతాం. మొదటిసారి తెలివితక్కువగా కడగని గొర్రె ఉన్ని కుక్కాం. మాత్రలన్నీ జిడ్డు పట్టి ముద్దయ్యాయి. వేరేవి ఇమ్మని ఇద్దరం ఆసుపత్రికి వెళ్తే నర్సమ్మ సీసా వాసన చూసి, "మందు మింగేది మీరా, మీ గొర్రెలా?" అంది. ఆ రోజు ఎంత నవ్వామో, వచ్చే నెలదాకా వేరే మాత్రలు లేవంటే ఖాళీ చేతులతో నది దాటుతూ అంత ఏడ్చాం. కాబట్టి ఉడకబెట్టి ఆరేసిన ఉన్నే వాడండి.

4. నది మధ్యలో గుర్రాన్ని బండబూతులు తిట్టే ఆవిడకు నా పెళ్ళినాటి దుప్పటి. మాత్ర మింగి, చేదు పోవడానికి పాటెత్తుకునే పెద్దాయనకు నా భర్త టోపీ. బిడ్డకు పాలు మాన్పించిన రోజు నా ఒళ్ళో పడి ఏడ్చిన చిన్నదానికి నా ఇనుప కుండ. ఆచారం ప్రకారం నా బట్టలు బంధువులకు పంచే రోజున వీటిని గడప దగ్గర పెట్టేయండి. ఎవరివి వాళ్ళు పట్టుకుపోతారు. ఎవరు పట్టుకుపోతున్నారో అని ఎవరూ కాపు కాయొద్దు. మీకు దణ్ణం పెడతాను.

5. సెఖోబే, ఇది నీతో. కొండమీది ప్రవక్త ఇచ్చిన నీళ్ళు తెచ్చి, "సీసాలో విషముంది వదినా, ఈ నీళ్ళలో దేవుడున్నాడు" అన్నావు. నీ భార్య నిన్ను నమ్మి మాత్రలు మానేసింది. చలికాలం దాటలేదు. నువ్వు చెడ్డవాడివి కావు. ఆమె సమాధి మీద రాళ్ళు సర్దుకుంటూ సాయంత్రాలు అక్కడే కూర్చుంటావు, నేను చూశాను. నా భయం కూడా అదే. చెడ్డవాడివైతే నా మనవరాలిని గాలికొదిలేసేవాడివి. నువ్వు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముద్దుచేసి మరీ ఆ నీళ్ళు తాగిస్తావు.

6. నా ఇల్లూ నదివైపు చేనూ నా మనవరాలు కెనెవేకు చెందుతాయి. దానికి తొమ్మిదేళ్ళు. అది ఆ జబ్బుతోనే పుట్టింది. నీ రక్తంలో ఒక పిచ్చికుక్క పడుకుని ఉంది, మాత్ర పడకపోతే లేస్తుందని చెప్పి పెంచాను. ఆచారం ప్రకారం అది తండ్రివైపు వాళ్ళది, అంటే సెఖోబేది. ఆచారం కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను, ఈ ఒక్కసారికి పక్కకు జరగమని. పిల్ల మా జట్టులో ఒకరి దగ్గర పెరగాలి.

ఎవరి దగ్గర అన్నదే నన్ను చావనివ్వడం లేదు. పెద్దవాళ్ళ మాత్రలు పిండి సంచిలో దాచి తేవచ్చు. పిల్ల ఒళ్ళు పెరిగేకొద్దీ మందు మారుతుంది, దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి తూయించాలి. పట్టపగలు గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని ఊరి మధ్యనుంచి వెళ్ళాలి. నేను కాగితంలో నా జబ్బు బయటపెట్టాక, ఆ పిల్లతో వెళ్ళేవాళ్ళకూ అదే జబ్బని ఊరికి వేరే చెప్పనక్కర్లేదు. ఒక్కొక్కరినీ అడిగాను. ఒకామె భర్తకు తెలియదు. ఒకాయన కూతురికి సంబంధం కుదిరింది. "మలెబోనా, నన్ను చంపెయ్, అది మాత్రం అడక్కు" అని ఒకామె నా కాళ్ళ మీద పడింది. ఎవరినీ తప్పుపట్టను. నేను కూడా చావొచ్చేదాకా ఈ మాట రాయలేదు కదా. అందుకని చోటు వదిలేశాను. మీలో ఎవరికి గుండె దిటవైతే వాళ్ళు రాసుకోండి.

సంరక్షకుల పేరు: కెనెవే మొఖెతీ

ఇది నా రాత కాదు. ఎండలో దగ్గి దగ్గి కునుకు తీసి లేచేసరికి ఇలా ఉంది. ఎందుకు రాశావే అంటే, "ఖాళీగా ఉంది కదా నానమ్మా. తూకం ఎక్కడం నాకొచ్చు. గుర్రం ఎక్కడానికే బండ కావాలి" అంది. చెల్లదని గుమస్తా అన్నాడు. నాకూ తెలుసు. నేను మాత్రం కొట్టెయ్యను. కొట్టెయ్యదలచినవాళ్ళు ముందు దానిపైన తమ పేరు రాసి, అప్పుడు కొట్టెయ్యండి.

హా సెఫాకో, 17 జూన్ 2025

సంతకం: మలెబోనా మొఖెతీ

మా ఎదుట సంతకం చేసినది, సాక్షులు:
లెఫూ సెఫాకో, ఊరిపెద్ద
మొలేఫీ, రాళ్ళ మేస్త్రి (వేలిముద్ర)