గోడ అవతల కరివేపాకు

ఖాలా,

నువ్వు పోయాక మూసి ఉన్న మీ క్వార్టర్‌లోకి ఈ నెలే కొత్తవాళ్లు వచ్చారు. పలకరించడానికి నాకు మనసు రాలేదు. మన నడిమి గోడ వైపు చూడకుండానే బట్టలు ఆరేసుకుంటున్నాను.

ఇవాళ ఆ ఇంటి అమ్మాయి రజిత వాళ్లాయనతో అంటుంటే వినబడింది. "గీ కరివేపాకు చెట్టు చచ్చినట్టే ఉంది. పీకేసి బండి పెట్టుకుందాం."

నువ్వు పెట్టిన చెట్టు. ఆగలేకపోయాను.

"పీకకు చెల్లె! దానికి బొగ్గు దుమ్ము పట్టింది, గంతే. ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగ్ అయినంక ఆకులు కడగాలె. ముందుగాల కడిగితే ఏం ఫాయిదా? చెట్టు మొదట్ల పుల్ల మజ్జిగ పొయ్యాలె."

అన్నీ నీ మాటలే. "ఇంత చదివినవ్ బేటీ, చెట్టుకు తానం పొయ్యుడు రాదు" అని నువ్వు నవ్వేది మాత్రం చెప్పలేదు.

"చెట్టుకు మజ్జిగనా? మా ఆయనకే లేదు!" అని రజిత నవ్వింది. "గిదంత ఎవరు చెప్పిన్రక్కా?"

"పక్కింటోళ్లు."

మాది వరుసలో చివరి ఇల్లు కదా, ఆమె అటూ ఇటూ చూసింది. "మీకు పక్కిల్లంటే మాదే గద?"

లోపలికి వెళ్లాను. నువ్వు ఆఖరిసారి రంజాన్‌కు షీర్‌ఖుర్మా పంపిన గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. అందులోనే మజ్జిగ పోసి గోడ మీంచి ఇచ్చాను.

నీ గిన్నె ఇల్లు చేరింది ఖాలా.