పప్పా చెప్పి పంపిన మాట

కామాఠిపుర, ముంబై,
ఆదివారం.

సపన నాన్నగారికి,

మౌనిక నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మ, సపన, నేను చల్లగా ఉన్నాం. అక్కడ ఆ కొండల్లో మీకూ, మీతో సొరంగం పని చేసే మనవాళ్లకూ ఏ దెబ్బా తగలకుండా ఎల్లమ్మ తల్లి చూస్తోందని నమ్ముతున్నాను. బుచ్చయ్య సెలవు అయిపోయింది. రేపు రైలెక్కి మీ దగ్గరికే వస్తున్నాడు కాబట్టి ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారేమో. ఒక్క గది ఇంట్లో నేను ఫోనులో మాట్లాడితే సపన వింటుంది, అత్తమ్మ వింటుంది, గోడ అవతల గంగవ్వ అయితే మధ్యలో జవాబు కూడా చెప్తుంది. ఈ సంగతి మీరు ఒక్కరే వినాలి.

మీరు ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. అత్తమ్మ మోకాలు అలాగే ఉంది. మెట్లు దిగేటప్పుడు మిమ్మల్ని తలుచుకుంటుంది, ఎక్కేటప్పుడు నన్ను తిడుతుంది. వానకు పైకప్పు కారుతోందా అన్నారు. గదుల ముందు గ్యాలరీ వైపు కారుతోంది, కింద బకెట్ పెట్టాం. బోనాలు బాగా జరిగాయి. ఈసారి వానలోనే బోనం ఎత్తాను, దీపం కొండెక్కకుండా సపన పక్కనే గొడుగు పట్టుకుని నడిచింది. ఇక మీరు ఉత్తరంలో రాయకుండా బుచ్చయ్య నోట చెప్పి పంపిన మాట ఒకటుంది. దానికి జవాబు చివర చెప్తాను. ముందే చెబితే మిగతాది మీరు చదవరు.

సపన బడిలో హెడ్ గర్ల్ ఎన్నికకు నిలబడిందని మీకు ఫోనులో చెప్పాను కదా. ఆ పిల్ల ఇప్పుడు ఇంట్లో ఉన్నా బడిలో ఉన్నట్టే ఉంటోంది. పొద్దున అసెంబ్లీలో చదివే ప్రార్థనను స్టవ్ ముందు నిలబడి చదువుతుంది. అత్తమ్మ ఎల్లమ్మ పటం ముందు దీపం పెడుతూ చివర ఆమెన్ అంటుంది. ముసలివాళ్ల ఆశ్రమానికి బడి తరఫున బియ్యం పంపాలని సిస్టర్లు అంటే, రోజూ అన్నం వండే ముందు ప్రతి ఇంట్లో ఒక పిడికెడు పక్కన పెట్టాలని ఉపాయం చెప్పింది మన సపనే. మార్చ్‌పాస్ట్‌లో రెడ్ హౌస్‌ను నడిపించేదీ ఆమెనే. ఆ గొంతు మీ అమ్మది. గ్యాలరీలో నిలబడి గల్లీ చివర కూరగాయల బండిని ఆపే గొంతు అది. ఇన్నాళ్లూ ఆడపిల్ల అలా అరవకూడదని నేనే కసిరేదాన్ని. ఇప్పుడు ఆ గొంతుకే ఓట్లు పడ్డాయి.

ఓట్లయ్యాక సపన, మేఘా అనే అమ్మాయి మిగిలారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, చివరికి మిగిలిన పిల్లల ఇళ్లకు ప్రిన్సిపాల్ సిస్టర్ క్లారిస్ గారు స్వయంగా వెళ్తారు. హెడ్ గర్ల్ అయితే పొద్దున్నే వెళ్లాలి, సాయంత్రం ఆలస్యంగా రావాలి కాబట్టి తల్లిదండ్రులతో మాట్లాడాలి అంటారు. ఆ మాట విన్న రోజు సపన అన్నం ముట్టలేదు.

ఎందుకో మీకు తెలుసు. బడిలో చేర్చేటప్పుడు నాగ్‌పాడాలో మీ అక్క మల్లమ్మ వదిన ఇల్లే మన ఇల్లని చెప్పాం. దాదర్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగానికి వెళ్తే, మీరు కామాఠిపుర అనగానే అక్కడి మనిషి కన్ను గీటి, రాత్రి వ్యాపారం ఎలా ఉందని అడిగాడట కదా. మన తాతలు ఈ ఊరికి రాళ్లు మోసి, గోడలు కట్టి, ఈ గల్లీల్లో కాపురాలు పెట్టారని వాడికేం తెలుసు, ఈ పేరు వింటే బయటివాళ్లకు ఒళ్లమ్ముకునే ఇళ్లే గుర్తొస్తాయి. మీరు మారుమాట అనకుండా మెట్లు దిగి వచ్చేశారు. అప్పటినుంచి మన ఇంట్లో అదొక కట్టుబాటు అయిపోయింది, బయట ఎవరడిగినా నాగ్‌పాడా అనాలి. సపన బడి నుంచి స్నేహితురాళ్లతో నాగ్‌పాడా దాకా నడిచి, వాళ్లు కనుమరుగయ్యాక ఫోరస్ రోడ్ మీదుగా వెనక్కి వస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క స్నేహితురాలినీ ఇంటికి తీసుకురాలేదు.

ఇక ఏం చేస్తాం, ఒక్క సాయంత్రానికి వదిన ఇంటిని మన ఇల్లు చేశాం. మామయ్య ఫోటో తీసుకెళ్లి గోడకు తగిలించాం. సపన గెలిచిన కప్పులు, మెడల్స్ వదిన అద్దాల బీరువాలో సర్దాం. వదినది పక్కింటామె వేషం. అత్తమ్మకు సపన గట్టిగా చెప్పింది, "నువ్వు ఏం మాట్లాడకు అవ్వా. దగ్గొస్తే దగ్గు, గంతే."

సిస్టర్ క్లారిస్ గారు గొడుగు వేసుకుని నడిచే వచ్చారు. బూడిద రంగు చీర, మెడలో చెక్క శిలువ. హిందీలో చక్కగా మాట్లాడారు. సపన ఆలస్యంగా వస్తే ఫరవాలేదా అన్నారు, ఫరవాలేదన్నాను. చాయ్ తాగారు. అంతా నూనె రాసినట్టు సాగిపోయింది. ఆమె లేచి చెప్పులు వేసుకోబోతుంటే అత్తమ్మ నోరు తెరిచింది.

"కోడలా, ఆడిమనిషి మొదటిపారి ఇంటికొచ్చింది. బొట్టు వెట్టి రైకగుడ్డ ఇయ్యవా?"

నా ఇల్లే కదా మరి, కుంకుమ భరిణె ఎక్కడుందో నాకు తెలియాలి. ఒక అర తెరిస్తే మందులు, ఇంకోటి తెరిస్తే దుప్పట్లు నా మీద పడ్డాయి. వదిన చాయ్ కప్పులు పట్టుకుని గడ్డంతో వంటింటి వైపు చూపిస్తోంది, నాకు అర్థమైతేగా. సిస్టర్ గారు నన్నూ చూస్తున్నారు, వదిననూ చూస్తున్నారు. సపన ముఖం తెల్లబోయింది. అత్తమ్మకు ఓపిక అయిపోయింది.

"ఈడ దొర్కది తియ్. గివన్ని మల్లమ్మయి. సిస్టరమ్మా, మాయింటికి నడువు, దగ్గర్నే ఉన్నది. ఒట్టి నొసలుతోని పోతే మాకు మంచిది గాదు." అని, ఆమెకు తెలుగు రాదని గుర్తొచ్చి, "హమారా ఘర్ చలో" అంటూ చెయ్యి పట్టుకుంది.

అబద్ధం ఆడటానికి అత్తమ్మ ఒప్పుకుంది కానీ, ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు లేకుండా పంపడానికి ఒప్పుకోలేదు. సిస్టర్ గారు చెప్పులు వేసుకున్నారు. తన గొడుగు అత్తమ్మ మీద పట్టి నడిచారు. ఫోరస్ రోడ్ దాటి మన గల్లీలోకి రాగానే గ్యాలరీల నిండా మనుషులే. "ఎవలమ్మ గామె?" అని గంగవ్వ పైనుంచి అడిగితే, "మా సపన స్కూల్ల పెద్దమ్మ" అని అత్తమ్మ గల్లీ అంతా వినేలా చెప్పింది. చీకటి మెట్ల దగ్గర తాడు పట్టుకుని సిస్టర్ గారు పైకెక్కారు.

మంచం మీద కూర్చోబెట్టాం. సన్యాసం తీసుకున్న ఆమెకు బొట్టు పెట్టొచ్చో లేదో తెలియక నా చెయ్యి ఆగింది. ఆమే తల వంచారు. బొట్టు పెట్టి, పెట్టెలోంచి ఎర్ర రైకగుడ్డ తీసి, కొబ్బరికాయతో కలిపి కొంగులో వేశాను. మాది వసై, మా అమ్మ కూడా మొదటిసారి వచ్చిన ఆడవాళ్లను ఉత్త చేతులతో పంపదు అన్నారు ఆమె. అత్తమ్మ ఊరుకుంటుందా, "బచ్చే కిత్నే?" అని అడిగింది. స్కూలు నిండా ఉన్నారని సిస్టర్ గారి జవాబు. "గంత మందిని ఎట్ల సాకుతున్నవమ్మా" అని అత్తమ్మ నిజంగానే జాలిపడింది.

వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర సిస్టర్ గారు సపనతో అన్నారు, నీ ఇల్లు ఎక్కడైనా నాకు ఒకటేనని. కానీ బ్యాడ్జీ పెట్టే రోజున అందరి ముందు పేరు, ఉండే చోటు చెప్పుకుని ప్రమాణం చేయడం మన బడి పద్ధతి, అబద్ధం మీద ప్రమాణం చేయనివ్వను అన్నారు. పిల్లలు నీకే ఎక్కువ ఓట్లు వేశారు, నిజం చెప్పగలిగితే బ్యాడ్జీ నీది, చెప్పలేకపోతే మేఘా ఉంది, నిన్ను తప్పు పట్టను అని తల మీద చెయ్యి వేసి వెళ్లారు.

సపన గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "నాకు నకో మమ్మీ. మేఘానే చెయ్యనీ. అందరి ముందట కామాఠిపుర అంటే రేపటికెళ్లి నన్ను ఎట్ల చూస్తరో నీకేం తెల్సు?" అంది. ఏడ్చినా బాగుండేది. కళ్లు పొడిగా పెట్టుకుని నన్ను చూసింది. కాసేపయ్యాక, "పప్పా ఏమంటడో గదే చేస్త" అంది. మర్నాటికి మనసు మార్చుకుంది. ఎలా మారిందో ఆగండి, చెప్తాను.

బ్యాడ్జీల రోజు హాలులో తల్లిదండ్రులకు కుర్చీలు వేశారు. నేను పెళ్లినాటి ఆకుపచ్చ చీర కట్టాను. మోకాలు నొప్పి అన్న మనిషి మా అందరికంటే ముందు తయారై కూర్చుంది. బ్యాండు వాయించారు, నాలుగు హౌసుల పిల్లలు జెండాలతో నడిచారు, సిస్టర్ గారు కొవ్వొత్తి వెలిగించారు. సపన మైకు ముందుకొచ్చింది. పేరు చెప్పింది. ఉండే చోటు దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు నాకే వినపడలేదు.

వెనక నుంచి మీ అమ్మ, "ఇనవడ్తలేదు బిడ్డా, గట్టిగ చెప్పు" అంది.

హాలంతా నవ్వింది. సపనకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తల ఎత్తి, మార్చ్‌పాస్ట్ గొంతుతో, "కామాఠిపుర" అంది. చివరి వరుస దాకా వినిపించింది. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు రాసిచ్చిన ప్రమాణం పక్కన పెట్టి హిందీలో చెప్పింది. మా పప్పా కొండల్లో సొరంగం తవ్వుతారు, మా పెద్దలు ఈ ఊరు కట్టడానికి వచ్చి ఆ గల్లీల్లో ఉండిపోయారు, ఎక్కడుంటావో తల ఎత్తి చెప్పమని పప్పానే చెప్పి పంపారు, అందుకే చెప్తున్నాను అంది.

ముందు చప్పట్లు కొట్టింది మేఘా. తర్వాత ఆగలేదు. సిస్టర్ గారు బ్యాడ్జీ పెట్టేటప్పుడు నేను ఏడ్చాను, సిగ్గుపడకుండా ఏడ్చాను. నా జన్మలో అంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు. బయటికొచ్చాక ముక్కూ ముఖం తెలియనివాళ్లు నా దగ్గరికొచ్చి, ఆమె నాన్న ఎప్పుడొస్తారు, ఆయనను ఒకసారి చూడాలి అన్నారు. మర్నాడు సాయంత్రం మన పక్క గల్లీ నుంచి సాక్షి అనే తొమ్మిదో తరగతి పిల్ల తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లు బడిలో దాదర్ అని చెప్పారట. ఎన్నేళ్లుగానో ఒకే బడికి వెళ్తూ, ఒకరికి తెలియకుండా ఒకరు దొంగదారిన ఇళ్లకు చేరుతున్నారు ఈ పిల్లలు. ఇప్పుడు ఇద్దరూ కలిసి మన గల్లీ మొగ నుంచే బడికి బయలుదేరుతున్నారు.

ఇక మీ మాట దగ్గరికి వస్తాను. సిస్టర్ గారు వచ్చి వెళ్లిన మర్నాడు బుచ్చయ్య సెలవు మీద మీ దగ్గర నుంచి దిగాడు. నల్లా దగ్గర నన్ను ఆపి మీ మాట చెప్పాడు. "అన్న ఏమన్నడంటే వదినా, పిల్ల పేరు ఎన్కకు తీస్కోమన్నడు. మన గల్లీ పేరు నలుగురిల బయటపడితే పిల్ల బతుకు ఖరాబ్ అయితదన్నడు. నా మాట దాటొద్దన్నడు." నేను నీళ్ల బిందె ఎత్తుకుని పైకొచ్చాను. తలుపు దగ్గరే సపన నిలబడి ఉంది. "బుచ్చయ్య కాక వచ్చిండు గదా. పప్పా ఏం చెప్పిండు?" అంది.

ఆ పిల్ల ముఖం చూసి నేను అబద్ధం ఆడాను. "ఎక్కడుంటవంటే తల ఎత్తి చెప్పుమన్నడు. 'నేను చెప్పి తిరిగొచ్చిన, నా బిడ్డను చెప్పి ఆడనే నిలబడుమను' అన్నడు" అన్నాను. ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలియదు. సపన నా బిందె దించకుండానే నన్ను వాటేసుకుంది, ఇద్దరం తడిసిపోయాం. తర్వాత కిందికి పరుగెత్తి బుచ్చయ్యకు దండం పెట్టింది, ఇంత మంచి మాట మోసుకొచ్చావు కాకా అని. పాపం అతను నా వైపు ఒకసారి చూసి, "అవునమ్మా, మీ పప్పా గట్లనే చెప్పిండు" అన్నాడు. అతన్ని ఏమీ అనకండి, తప్పు నాది. తప్పు అని రాస్తున్నాను కానీ, మళ్లీ ఆ తలుపు దగ్గర ఆ పిల్ల నిలబడితే మళ్లీ అదే చెప్తాను.

మీకు కోపం వస్తుంది. రానివ్వండి, ఇంటికొచ్చాక నన్ను ఎంతైనా అనండి, అత్తమ్మ కూడా మీతో కలుస్తుంది. కానీ సిగ్నల్ దొరికే చోటికి దిగి మీరు ఫోన్ చేసినప్పుడు సపనే ముందు ఎత్తుతుంది. "నువ్వు చెప్పినట్టే చెప్పిన పప్పా" అంటుంది. అప్పుడు ఆలోచించకుండా, "అవును బిడ్డా, నేనే చెప్పి పంపిన" అనండి. మీరు ఆ ఒక్క మాట అంటే, నేను ఆడింది అబద్ధం కాకుండా పోతుంది.

ఇట్లు,
మీ మాట దాటిన మీ ఇల్లాలు,
హెడ్ గర్ల్ సపన తల్లి,
మౌనిక